ఇన్‌హేలర్ ఎలా వాడాలో చెబితే చాలదు, చేయించి చూడాలి

ప్రశ్న: నేను ఒక ఏరియా ఆస్పత్రి పిల్లల వార్డులో స్టాఫ్ నర్సును. ఆస్తమా తగ్గి ఇంటికి వెళ్లిన పిల్లలే నెల తిరక్కుండా మళ్లీ ఆయాసంతో వస్తున్నారు. ఇన్‌హేలర్ వాడే పద్ధతిని మాలో ఒక్కొక్కరం ఒక్కో రకంగా చెబుతున్నామని గమనించాను. తోటి సిబ్బందికి నేర్పే పని నాకు అప్పగించారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మందు మార్చే ముందు, మోతాదు పెంచే ముందు, ఇస్తున్న మందు అసలు ఊపిరితిత్తుల దాకా చేరుతోందా అని మీరు ఆలోచించడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఇది మీ వార్డుకే ఉన్న లోటు కాదు. ఆస్తమాపై అంతర్జాతీయ మార్గదర్శకాలు వెలువరించే ‘గినా’, రోగుల్లో 70-80 శాతం మంది దాకా ఇన్‌హేలర్‌ను సరిగా వాడలేకపోతున్నారనీ, నేర్పవలసిన వైద్య సిబ్బందిలోనూ చాలామంది సరిగా చేసి చూపలేకపోతున్నారనీ చెబుతోంది. అందుకే మీ శిక్షణలో డాక్టర్లను కూడా కూర్చోబెట్టండి.

ఉపన్యాసంతో మొదలుపెట్టవద్దు. మందు లేని డెమో ఇన్‌హేలర్, స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే, మందును కాసేపు పట్టి ఉంచే ప్లాస్టిక్ గొట్టం), మాస్కు బల్ల మీద పెట్టి, ఎదురుగా మూడేళ్ల పాప ఉందనుకుని చేసి చూపించమని ఒక్కొక్కరినీ అడగండి. మధ్యలో ఆపకుండా చివరిదాకా చూసి, ఆ తర్వాతే సరిదిద్దండి.

నేను ఎక్కువగా చూసే తప్పు మాస్కు దగ్గరే జరుగుతుంది. నోటిని కప్పితే చాలనుకుంటారు గానీ, ముక్కు దూలానికి పక్కన గోరంత సందు మిగిలినా మందు చాలావరకు అక్కడి నుంచే బయటికి పోతుంది. రెండో తప్పు, రెండు పఫ్‌లు రాశారు కదా అని రెండూ ఒకేసారి స్పేసర్‌లోకి కొట్టడం. అలా కొడితే మందు తుంపరలు ఒకదానికొకటి తగిలి పెద్దవై స్పేసర్ గోడలకు అంటుకుంటాయి. ఇన్‌హేలర్‌ను బాగా కుదిపి ఒక్క పఫ్ నొక్కాలి, పాప మామూలుగా ఐదారు సార్లు ఊపిరి తీసుకునే దాకా మాస్కు కదలకుండా పట్టుకోవాలి, అర నిమిషం ఆగి మళ్లీ కుదిపి రెండోది నొక్కాలి. ఊపిరి తీసినప్పుడల్లా స్పేసర్ వాల్వు కదులుతోందో లేదో చూడమనండి.

ఏడిస్తే ఇంకా గట్టిగా పీలుస్తుందిలే అని పసివాళ్లకు మాస్కు బలవంతంగా అదమడం మన వార్డుల్లో పాత అలవాటు. నిజానికి ఏడ్చే బిడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లే మందు బాగా తగ్గిపోతుంది. తల్లి ఒడిలో కూర్చోబెట్టి, ముందు మాస్కుతో కాసేపు ఆడుకోనివ్వాలి.

సుమారు నాలుగేళ్లు దాటి, స్పేసర్ మూతిని నోటితో పట్టి పీల్చగలిగిన పిల్లలకు మాస్కు తీసేయవచ్చు. పొడి మందు క్యాప్సూల్ వేసి పీల్చే రోటాహేలర్ లాంటివి మాత్రం ఐదారేళ్ల లోపు పిల్లలకు పనికిరావు, ఎందుకంటే వాటిని వేగంగా, బలంగా పీల్చాలి. స్పేసర్‌తో అయితే నెమ్మదిగా పీల్చాలి. సిబ్బంది ఈ రెండింటినీ కలిపేసి చెబుతుంటారు గనుక విడివిడిగా చేయించండి.

స్పేసర్‌ను వాడకం మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత నెలకోసారి సబ్బు నీటిలో కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. తుడిస్తే ప్లాస్టిక్‌లో స్థిర విద్యుత్తు పుట్టి మందును లాగేసుకుంటుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే వాడాక నోరు పుక్కిలించాలి, మాస్కుతో ఇస్తే ముఖం కూడా తుడవాలి. స్పేసర్ కొనలేని కుటుంబాలను ఉత్త చేతులతో పంపకండి. అడుగున ఇన్‌హేలర్ మూతికి సరిపడా రంధ్రం చేసి, సందు లేకుండా బిగించిన అర లీటరు ప్లాస్టిక్ సీసా, ఆయాసం వచ్చిన పిల్లలకు కొన్న స్పేసర్‌కు దీటుగా పనిచేసిందని 1999లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వైద్యులు నిరూపించారు.

ఒకసారి నేర్పినంత మాత్రాన నిలవదు. నాలుగు నుంచి ఆరు వారాల్లోనే పాత తప్పులు తిరిగి వస్తాయి కాబట్టి, నెల తర్వాత అదే బల్ల దగ్గర అందరితో మళ్లీ చేయించండి. తల్లుల విషయంలోనూ అంతే. అర్థమైందా అని అడిగితే ఏ తల్లి అయినా తల ఊపుతుంది. ఆమె చేతికే ఇన్‌హేలర్ ఇచ్చి చేయించి, ‘తల్లి సరిగా చేసి చూపించింది’ అని డిశ్చార్జి కాగితం మీద తేదీతో రాసి సంతకం పెట్టండి. ఆ వాక్యం లేకుండా ఏ బిడ్డనూ ఇంటికి పంపవద్దని మీ డాక్టర్లను ఒప్పించండి.