పథ్యం తింటున్న బాలింత పాలలో బలం తగ్గుతుందా?

కోనసీమలో పుట్టింట్లో ఉన్నారు, పాపకు రెండో నెల, పథ్యం గట్టిగా నడుస్తోంది, పాలు నీళ్లలా ఉన్నాయని మీ అమ్మగారు డబ్బా పాలు పట్టమంటున్నారు. ఇదీ మీరు రాసినది. దయచేసి తొందరపడి డబ్బా తెరవకండి. పథ్యం ముందుగా దెబ్బతీసేది మిమ్మల్ని.

గ్లాసులోకి పిండి చూస్తే ఎవరి పాలైనా పలచగానే కనిపిస్తాయి. రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ కొవ్వు పెరిగి చిక్కబడతాయి. అందుకే ఒక వైపు పాప తనంతట తాను వదిలేదాకా తాగనిచ్చి, తర్వాత రెండో వైపు పట్టాలి. పాలు ఎన్ని పడతాయన్నది తల్లి తిండికన్నా బిడ్డ ఎన్నిసార్లు, ఎంత బాగా తాగుతోందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము తక్కువ తాగుతుంది. అప్పుడు పాలు నిజంగానే తగ్గుతాయి.

నా మొదటి కాన్పు రాజోలు దగ్గర మా ఊళ్లో, నడి వేసవిలో. పాతబియ్యం అన్నం, కందిపొడి, వెల్లుల్లి కారం, నెయ్యి. పెరుగు వద్దు, గుడ్డు వద్దు, పండు వద్దు. నీళ్లు ఎక్కువ తాగితే బిడ్డకు జలుబు చేస్తుందని మా నాయనమ్మ చెంబు అందకుండా పెట్టేది. ఆమె ప్రేమలో ఏ లోటూ లేదు. బాబు కూడా చక్కగా బరువు పెరిగాడు. నేను మాత్రం మంచం దిగితే కళ్లు తిరిగి గోడ పట్టుకునేదాన్ని. తల్లి తిండి తగ్గినా పాలలోని మాంసకృత్తులు, చక్కెర, కాల్షియం పెద్దగా తగ్గవు. ఒళ్లు తన నిల్వల్లోంచి తీసి బిడ్డకు ఇచ్చేస్తుంది. బిడ్డ బాగుంటే చాలనుకుని తల్లి ఎలా ఉందో ఎవరూ అడగరు, నా బాధంతా అదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు ప్రకారం మొదటి 6 నెలలు బాలింతకు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి. నీళ్లు దాహం వేసినప్పుడల్లా తాగండి.

కొన్ని విటమిన్ల సంగతి వేరు. తల్లిలో తక్కువైతే పాలలోనూ తక్కువవుతాయి. మా తోడికోడలు గుడ్డు కూడా తినదు. బాలింతగా ఉన్నప్పుడు పాలు, పెరుగు కూడా మాన్పించారు. బొద్దుగా ఉన్న పాపే, ఏడో నెల దాటాక నవ్వడం తగ్గించి మెడ వాల్చేయడం మొదలుపెట్టింది. తల్లికీ బిడ్డకూ బి12 బాగా తక్కువని పరీక్షలో తేలింది. ఇంజక్షన్లతో పాప మళ్లీ హుషారైంది. ఈ విటమిన్ చేప, మాంసం, గుడ్డు, పాలు, పెరుగులలో దొరుకుతుంది. మన పథ్యం ఆపేది వీటినే.

బి1 కూడా అంతే. తెల్లగా పట్టిన బియ్యం వల్ల ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో మన సర్కారు జిల్లాల్లో బెరిబెరి అనే నరాల, గుండె జబ్బు ఉండేది. తల్లిలో బి1 కొరవడితే పాలు తాగే పసిబిడ్డకూ ఆ జబ్బు వస్తుంది. మన మిల్లుల నుంచి కేరళకు వెళ్లే ఉప్పుడు బియ్యంలో ఈ విటమిన్ మెరుగ్గా నిలుస్తుంది. మనం పాలిష్ బియ్యాన్ని పదేపదే కడిగి, గంజి వార్చి మరీ తింటున్నాం. కనీసం గంజి వార్చకుండా అత్తెసరు పెట్టించుకోండి, పప్పు ఎక్కువ తినండి.

పాలు పడతాయని సొరపిట్టు పెడతామంటే వారం వారం మాత్రం వద్దు. సొర ఇతర చేపలను తిని బతికేది, దాని ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. కవళ్లు, మెత్తళ్లు తినండి. వాటిలోని మంచి కొవ్వు పాలలోకి చేరుతుంది, బిడ్డ మెదడుకు అది కావాలి.

పాలు చాలుతున్నాయో లేదో కాటా చెబుతుంది. మొదటి మూడు నెలల్లో బిడ్డ రోజుకు సుమారు 25 నుంచి 30 గ్రాములు పెరగాలి, ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోయాలి. అంగన్‌వాడీలో తూకం వేయించి తల్లీబిడ్డల రక్షణ కార్డులో గుర్తు పెట్టించండి. కార్డులో బరువు గీత పైకి సాగకపోతే పాపను పిల్లల డాక్టరుకు చూపించి, మీరు థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు చేయించుకోండి. తూకానికి మీ అమ్మగారిని వెంట తీసుకెళ్లండి, ఆ అంకె ఆవిడ కూడా చూడాలి.