రాజ్మా నానితే చాలదు, తెర్లే నీళ్లలో ఉడకాలి

ప్రశ్న: మేము అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉంటున్నాం. మా అమ్మ వయసు 63 ఏళ్లు. పదేళ్లుగా మధుమేహం ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు వేసుకుంటుంది. ఆరు నెలలు మాతో ఉండడానికి గుంటూరు నుంచి వచ్చింది. పక్కింటి పెద్దావిడ మూడు రకాల బీన్స్‌తో చేసే పాతకాలపు చల్లటి సలాడ్ అమ్మకు బాగా నచ్చింది. పోయిన నెల తనే ఎండు రాజ్మా రాత్రంతా నానబెట్టి, స్లో కుక్కర్‌లో తక్కువ వేడి మీద ఉంచి, గింజ కాస్త పలుకుగా ఉండగానే తీసి సలాడ్ కలిపింది. తిన్న రెండు గంటలకు ముగ్గురికీ వాంతులు, ఒకరికి విరేచనాలు అయ్యాయి. ఎవరికీ జ్వరం రాలేదు, రాత్రికల్లా అందరికీ తగ్గిపోయింది. చల్లటి బీన్స్, పైగా వెనిగర్, వాతం చేయక మానవని అమ్మ ఇప్పుడు వాటి జోలికే వెళ్లడం లేదు. మధుమేహం ఉన్నవాళ్లు ఈ సలాడ్ తినవచ్చా? ఎలా చేసుకుంటే భయం ఉండదు?

జవాబు: చివర్లో చెప్పే ఇబ్బందులేవీ లేకపోతే, మీ అమ్మగారు ఈ సలాడ్ తినవచ్చు. ఆ రోజు జరిగినదానికి చల్లదనమో వెనిగరో కారణమని ఆవిడ అనుకోవడం సహజమే కానీ, మీరు రాసిన వివరాలన్నీ సరిగా ఉడకని రాజ్మా వైపే చూపిస్తున్నాయి. ఒకే గిన్నెలోది తిన్న ముగ్గురికీ దాదాపు ఒకే సమయంలో, రెండు గంటలకే వాంతులు మొదలుకావడం, జ్వరం లేకపోవడం, ప్రత్యేకంగా వైద్యమేమీ చేయకుండానే కొన్ని గంటల్లో తగ్గిపోవడం ఆ గింజలోని విషపదార్థం వల్ల కలిగే అస్వస్థతకు బాగా తెలిసిన లక్షణాలు.

రాజ్మా గింజల్లో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ రకం మాంసకృత్తు ఉంటుంది. అది పేగుల లోపలి పొరకు అంటుకుని దాన్ని రేపుతుంది. పచ్చి గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో విపరీతమైన వికారం, వాంతులు, ఆ తర్వాత విరేచనాలు, కడుపునొప్పి రావచ్చు. ఈ విషాన్ని కొలిచే ప్రమాణంలో పచ్చి ఎర్ర రాజ్మాలో 20,000 నుంచి 70,000 యూనిట్ల దాకా ఉంటే, పూర్తిగా ఉడికిన వాటిలో 200 నుంచి 400 యూనిట్లు మాత్రమే మిగులుతాయి. అంటే దాన్ని తొలగించేది మరుగుతున్న నీటి వేడి ఒక్కటే. స్లో కుక్కర్‌తో చిక్కు ఇక్కడే వస్తుంది. తక్కువ వేడి మీద పెట్టినప్పుడు లోపలి గింజలు చాలాసార్లు మరిగే స్థాయికి చేరవు. 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగిపోయిన గింజల్లో విషప్రభావం పచ్చివాటికన్నా ఐదు రెట్ల వరకు పెరగవచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిస్తోంది. గింజ మెత్తబడినట్టు పైకి కనిపించినా లోపల విషం చెక్కుచెదరకుండా ఉండవచ్చు కాబట్టి, వేలితో నొక్కి చూసి ఉడికిందని తేల్చుకోవడం రాజ్మా విషయంలో సరిపోదు.

మీ అమ్మగారిని దీనికి తప్పుపట్టవద్దని ముఖ్యంగా కోరుతున్నాను. శ్రీరామనవమికి పెసరపప్పు నానబెట్టి, ఉడకబెట్టకుండానే వడపప్పుగా పంచిపెట్టే ఇళ్లలో పెరిగినవారికి, రాత్రంతా నానిన గింజ సగం ఉడికినట్టేనని అనిపించడంలో వింత లేదు. పెసర్లలో ఈ లెక్టిన్ చాలా తక్కువ కాబట్టి వడపప్పు మనకు ఏ హానీ చేయదు. రాజ్మా ఆ కోవలోది కాదు. దసరా నవరాత్రులకు శనగలనూ బొబ్బర్లనూ గుగ్గిళ్లుగా చేసేటప్పుడు మెత్తగా ఉడికేదాకా ఆవిడ ఎలా ఆగుతారో, రాజ్మా విషయంలో అంతకన్నా ఎక్కువ సేపే ఆగాలని చెప్పండి. వెంటనే అర్థం చేసుకుంటారు.

ఇక వండే పద్ధతికి వస్తాను. ముప్పావు కప్పు ఎండు రాజ్మా తీసుకుంటే ఉడికాక రెండు కప్పుల దాకా అవుతుంది, ఆరుగురికి సరిపోతుంది. వాటిని కడిగి, కనీసం 5 గంటలు, వీలైతే రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని తప్పకుండా పారబోయండి. వేరే నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టి, నీళ్లు తెర్లడం మొదలైన తర్వాత లెక్కపెట్టి 30 నిమిషాలకు తగ్గకుండా అదే మంట మీద ఉంచండి. ఆ తర్వాత మంట తగ్గించి గింజ వెన్నలా నలిగేదాకా ఉడకనివ్వండి. మన మామూలు ప్రెషర్ కుక్కర్ ఇంకా మంచిది, ఎందుకంటే అందులో వేడి మరిగే స్థాయిని దాటి 120 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు చేరుతుంది. కరెంటుతో పనిచేసే కుక్కర్లలో ప్రెషర్ మీటతో పాటు స్లో కుక్ మీట కూడా ఉంటుంది, రాజ్మాకు ఆ రెండో మీట జోలికి వెళ్లవద్దు. ఇంత శ్రమ వద్దనుకుంటే డబ్బాలో దొరికే రాజ్మా వాడండి. అది తయారీలోనే పూర్తిగా ఉడికి వస్తుంది కనుక ఈ భయం ఉండదు. గత శతాబ్దం మధ్యకాలంలో అమెరికా ఇళ్లలోనూ, చర్చి విందుల్లోనూ, అందరూ తలా ఒక వంటకం తెచ్చుకునే భోజనాల్లోనూ ఈ సలాడ్ అంతగా స్థిరపడడానికి డబ్బా బీన్స్ సౌలభ్యమే ప్రధాన కారణం. కాకపోతే డబ్బా నీటిలో ఉప్పు ఎక్కువ. ఆ నీటిని వంపేసి, జల్లెడలో పోసి కుళాయి కింద బాగా కడిగితే సోడియం సుమారు 40 శాతం తగ్గుతుంది. మీ అమ్మగారికి రక్తపోటు కూడా ఉంటే ఈ పని తప్పనిసరిగా చేయండి.

మిగతా రెండు రకాలు ఆకుపచ్చ బీన్స్, అక్కడ వ్యాక్స్ బీన్స్ అని పిలిచే పసుపు బీన్స్. ఒక్కోటి 200 గ్రాముల చొప్పున తీసుకుని, వాటిని కూడా పచ్చిగా వేయకుండా మెత్తబడేలా ఉడికించి, వెంటనే చల్లటి నీటిలో వేసి వడకట్టండి. ఒక చిన్న ఉల్లిపాయను సన్నగా తరిగి కలపండి. వెనిగర్‌ను మాత్రం అన్నీ ఉడికి చల్లారిన తర్వాతే పోయాలి. చింతపండు పులుసు ముందే పోస్తే కందిపప్పు ఉడకక మొరాయించడం మీ అమ్మగారికి తెలియని సంగతి కాదు. ఇదీ అంతే, పులుపు ముందే తగిలితే గింజ పైతొక్క గట్టిపడి, లోపలి దాకా ఉడకదు.

మధుమేహం ఉన్నవారికి ఈ వంటకంలో నేను నిజంగా భయపడేది చక్కెర గురించి. పాతకాలపు కొలతల్లో ముప్పావు కప్పు చక్కెర, ముప్పావు కప్పుకు కాస్త తక్కువగా వెనిగర్, దాదాపు మూడో వంతు కప్పు నూనె ఉంటాయి. ముప్పావు కప్పు చక్కెర అంటే 150 గ్రాములు. ఏడెనిమిది మంది పంచుకున్నా తలా 20 గ్రాములు, అంటే అయిదు చెంచాల చక్కెర అవుతుంది. కొంత రసం గిన్నెలోనే మిగిలిపోయినా ఆ లెక్క మీ అమ్మగారికి ఎక్కువే. పక్కింటి పెద్దావిడ ప్రేమతో పంపే గిన్నెను కాదనమని నేను చెప్పను, అందులోంచి రసం వంపేసి రెండు చెంచాలు రుచి చూసినంతలో ప్రమాదమేమీ లేదు. మీ ఇంట్లో చేసేటప్పుడు మాత్రం మొత్తం గిన్నెకు 2 చిన్న చెంచాల చక్కెర, మూడో వంతు కప్పు వెనిగర్, 2 పెద్ద చెంచాల ఆలివ్ నూనె, అర చెంచా ఉప్పు, మిరియాల పొడి, కొంచెం ఆవపిండి చాలు. ఆవపిండి ఘాటు వల్ల తీపి తగ్గిన లోటు అంతగా తెలియదు. మూడు నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఊరనిస్తే రుచి గింజల్లోకి దిగుతుంది.

ఇలా చేసుకున్న సలాడ్ మధుమేహానికి చక్కగా సరిపోతుంది. ఉడికిన రాజ్మా 100 గ్రాముల్లో సుమారు 8 నుంచి 9 గ్రాముల మాంసకృత్తులు, 6 గ్రాములకు పైగా పీచు ఉంటాయి. అందులోని పిండిపదార్థం నెమ్మదిగా జీర్ణమవుతుంది కాబట్టి రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. ఉడికించి చల్లార్చినప్పుడు పిండిపదార్థంలో కొంత భాగం తేలికగా అరగని రూపంలోకి మారుతుంది, వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం ఆహారం జీర్ణాశయం నుంచి కిందికి దిగే వేగాన్ని కొంత తగ్గిస్తుంది. ఈ రెండింటి ప్రయోజనమూ స్వల్పమే, మాత్రకు ప్రత్యామ్నాయం కాదు. వెనిగర్ మంచిదని విని దాన్ని గ్లాసులో పోసుకుని తాగే అలవాటు ఈమధ్య కొందరిలో చూస్తున్నాను. పళ్ల పైపొరా అన్నవాహికా దెబ్బతింటాయి, దయచేసి ఆ పని చేయనివ్వకండి.

మీ అమ్మగారు వాడుతున్న గ్లిమిపిరైడ్ వల్ల ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒక కప్పు అన్నంలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటే, నేను చెప్పిన పాళ్లలో చేసిన సలాడ్‌లో ఒక్కొక్కరి వంతుకు సుమారు 20 గ్రాములే వస్తుంది. రుచిగా ఉందని అన్నం పూర్తిగా మానేసి, మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకుని, ఈ సలాడ్‌తో భోజనం ముగిస్తే రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, చిరాకు, మాట తడబడడం కనిపిస్తే వెంటనే పరీక్షించండి. 70 కన్నా తక్కువ ఉంటే నాలుగు చెంచాల చక్కెర నీటిలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. మొదట్లో అన్నమో రొట్టో కొంత ఉంచి, దాని పక్కన అర కప్పు సలాడ్ పెట్టడమే నాకు మేలనిపిస్తుంది.

వాతం గురించి ఆవిడ అంటున్న మాటను నేను కొట్టిపారేయను. గింజల్లోని రాఫినోస్, స్టాకియోస్ అనే చక్కెరలను అరిగించే ఎంజైములు మన చిన్నపేగులో లేవు. అవి అలాగే పెద్దపేగుకు చేరితే అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టడం వల్ల గ్యాస్, ఉబ్బరం వస్తాయి. నానబెట్టిన నీటిని పారబోయడం వల్ల ఈ చక్కెరలు కూడా కొంత పోతాయి. మొదటి వారం రెండు మూడు పెద్ద చెంచాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచితే పేగులు అలవాటు పడతాయి. చల్లటిది గిట్టదంటే తినడానికి అరగంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి.

అయితే అరగంట వేరు, విందు బల్ల మీద మధ్యాహ్నమంతా ఉంచడం వేరు. బయట మొత్తం రెండు గంటలు దాటితే, 32 డిగ్రీల సెల్సియస్‌కు మించిన ఎండలోనైతే ఒక గంట దాటితే, ఇక దాన్ని తినకూడదు. 4 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ ఉన్న ఫ్రిజ్‌లో మూతపెట్టి మూడు నాలుగు రోజులు ఉంచవచ్చు. వెనిగర్ ఉంది కదా, ఆవకాయలా సీసాకెత్తి అల్మారాలో నిల్వ చేద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. పులుపు తక్కువైన బీన్స్‌ను గాలి చొరని సీసాల్లో సరైన పద్ధతి లేకుండా నిల్వ చేస్తే బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బును తెచ్చే విషం తయారు కావచ్చు. ఉబ్బిన డబ్బాలను కూడా రుచి చూడకుండానే పారేయండి.

మీ అమ్మగారి మూత్రపిండాల పరీక్ష ఇటీవల చేయించకపోతే ముందు అది చేయించండి. క్రియాటినిన్ ఎక్కువగా ఉండి, పొటాషియం తగ్గించమని వైద్యులు చెప్పి ఉంటే, రాజ్మా ఎంత తినవచ్చో వారినే అడగాలి. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్న కొందరిలో జీర్ణాశయం కదలికలు మందగిస్తాయి. కొద్దిగా తిన్నా కడుపు నిండిపోవడం, గంటల తర్వాత కూడా తిన్నది వాంతి కావడం ఆవిడకు ఉంటే, పీచూ వెనిగరూ ఎక్కువగా ఉన్న ఈ వంటకం ఆ ఇబ్బందిని పెంచుతుంది కనుక అప్పుడు మానేయడమే మంచిది. ఇవేవీ లేకపోతే, సలాడ్ తిన్న మొదటి మూడు రోజులు భోజనానికి ముందూ, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకూ చక్కెర పరీక్షించి రాసిపెట్టండి. రెండు గంటల అంకె 180 లోపు ఉంటే అదే కొలతలో కొనసాగించవచ్చు. అంతకు మించినా, 70కి దగ్గరగా వచ్చినా ఆ కాగితాన్ని గుంటూరులో ఆవిడను చూసే వైద్యులకు ఫోన్లో పంపి, గ్లిమిపిరైడ్ మోతాదు గురించి వారి సలహా తీసుకోండి. మీ అంతట మీరు మాత్ర తగ్గించడం గానీ ఆపేయడం గానీ చేయవద్దు.