టెక్ సందేహాలు: పిల్లలతో ఇటలీకి వెళ్తున్నారా? ముందు ఫోన్లు సర్దండి

సెలవులు దగ్గరపడుతున్నాయి. ఈసారి ప్రశ్నల్లో ఇటలీవే ఎక్కువగా ఉన్నాయి కాబట్టి వాటినే తీసుకుంటున్నాను. ఏ ఊళ్లో ఏం చూడాలో చెప్పేవాళ్లకు కొదవలేదు, అది వాళ్లకే వదిలేద్దాం. మీరు అడిగినవి ఫోన్లు, కార్డులు, టికెట్ల సంగతులు. వీటిలో చాలా పనులు ఇంట్లో వైఫై ఉండగా, ఓటీపీలు టకటకా వస్తుండగా కూర్చుని చేసుకోవాల్సినవి. రోమ్ ఎయిర్‌పోర్టులో సామాను బెల్టు దగ్గర నిలబడి మొదలుపెడితే తిప్పలే.

ప్రశ్న: మే నెలలో రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ వెళ్తున్నాం. మేమిద్దరం, 16 ఏళ్ల బాబు, 13 ఏళ్ల పాప. నలుగురి నంబర్లకీ ఇంటర్నేషనల్ ప్యాక్ వేయించాలా? ఈసిమ్ చాలంటున్నారు. మరి బ్యాంకు ఓటీపీలు ఎలా వస్తాయి? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రెండూ కలిపి వాడండి. మీ ఇద్దరిలో ఎవరి నంబరు బ్యాంకులో ఉందో ఆ ఒక్క సిమ్‌కి రోమింగ్ ప్యాక్ వేయించండి. డేటాకు ఈసిమ్ (ప్లాస్టిక్ కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్) తీసుకోండి. ప్రీపెయిడ్ నంబరుకు రోమింగ్ యాక్టివేట్ కాకపోతే అక్కడ సిగ్నలే పట్టుకోదు, ఇక ఓటీపీ మాటెక్కడ? బయల్దేరకముందే ఆపరేటర్ యాప్‌లో అది ఆన్ అయిందో లేదో చూసుకోండి.

మీ ఫోన్లకు ఈసిమ్ పనిచేస్తుందో లేదో తెలుసుకోవడం తేలిక. డయలర్‌లో *#06# కొట్టండి. ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని 32 అంకెల పొడవాటి నంబరు కనిపిస్తే పనిచేస్తుంది. ఐఫోన్లలో 2018 నాటి ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ నుంచీ ఈ సదుపాయం ఉంది. ఆండ్రాయిడ్‌లో తక్కువ ధర మోడళ్లు చాలావాటికి లేదు.

అక్కడి దుకాణంలో ప్లాస్టిక్ సిమ్ కొని, మన సిమ్ తీసి పర్సులో పెట్టుకోవడం నాకు నచ్చదు. మన బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు ఫోన్‌లో రిజిస్టరైన సిమ్ ఉందా లేదా అని చూస్తాయి. సిమ్ తీస్తే మళ్లీ వెరిఫై చేయమంటాయి, విదేశంలో ఆ పని ఒక పట్టాన తెమలదు. ఈసిమ్ అయితే మన సిమ్ కదలకుండా దాని చోటే ఉంటుంది.

ఎక్కువమంది తడబడేది డేటా రోమింగ్ దగ్గర. ఈసిమ్ లైనుకు డేటా రోమింగ్ ఆన్‌లో ఉండాలి, మన సిమ్‌కు ఆఫ్‌లో ఉండాలి. చాలామంది భయపడి రెండూ ఆఫ్ చేసి, ఈసిమ్ పనిచేయట్లేదని కంపెనీకి ఫిర్యాదు చేస్తారు. ఐఫోన్‌లో ఇంకో మీట ఉంది, సెల్యులార్ డేటా స్విచింగ్ అని. దాన్నీ ఆపేయండి. లేదంటే ఈసిమ్ సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ తనంతట తానే మన సిమ్ డేటా మీదికి వెళ్తుంది, బిల్లు మీకొస్తుంది. వాట్సాప్ నంబరు మార్చాలా అని అడిగితే వద్దనండి. పాత నంబరుతోనే నడుస్తుంది.

నలుగురికీ ఈసిమ్ కొనాలా అంటే, నా లెక్కన మూడు చాలు. పాప మీ హాట్‌స్పాట్ వాడుకోవచ్చు (కొనే ప్లాన్‌లో హాట్‌స్పాట్‌కి అనుమతి ఉందో లేదో చూడండి). బాబుకు మాత్రం విడిగా ఉండాల్సిందే. పదహారేళ్లవాడు గంటకోసారైనా అమ్మానాన్నల నుంచి విడిపోవాలనుకుంటాడు, అప్పుడు మీ హాట్‌స్పాట్ వాడి వెంట వెళ్లదు. మిలాన్ వైపు వెళ్లి కోమో సరస్సు చూసేవాళ్లకు ఒక హెచ్చరిక: స్విట్జర్లాండ్ ఐరోపా సమాఖ్యలో లేదు. సరిహద్దు దగ్గర ఫోన్ స్విస్ నెట్‌వర్క్ పట్టుకుంటే మీ ప్లాన్ అక్కడ చెల్లకపోవచ్చు.

ప్రశ్న: కొలోసియం టికెట్లు అసలు సైట్‌లో లేవంటోంది. వేరే సైట్లలో మూడు రెట్లకు అమ్ముతున్నారు. అవి నకిలీవా? పిల్లలకు ఉచితమని విన్నాం, నిజమేనా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అన్నీ నకిలీ కావు, కానీ అవసరం లేని ఖర్చు. కొలోసియం టికెట్లు అధికారిక సైట్‌లో (టికెటింగ్ డాట్ కొలొసియో డాట్ ఐటీ) సందర్శన తేదీకి 30 రోజుల ముందు విడుదలవుతాయి. మీరు రెండు నెలల ముందు వెతికితే ఏమీ కనిపించదు, అయిపోయాయనుకుంటారు. సెర్చ్ ఫలితాల్లో పైన కనిపించేవి ప్రకటనలు, వాటిమీద నొక్కితే తిరిగి అమ్మే సైట్లకు వెళ్తారు. ఈ దందా అక్కడ పెద్ద గొడవే అయింది. బాట్లతో (మనిషి బదులు తానే టికెట్లు కొనేసే సాఫ్ట్‌వేర్‌తో) టికెట్లు లాగేసి టూర్లతో కలిపి అమ్ముతున్నారని, దాన్ని అరికట్టలేదని, ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2025 ఏప్రిల్‌లో టికెట్ల నిర్వహణ సంస్థకూ కొన్ని టూర్ కంపెనీలకూ కలిపి దాదాపు 2 కోట్ల యూరోల జరిమానా వేసింది.

కాబట్టి మన తత్కాల్ పద్ధతే. ముందే అకౌంట్ తెరిచి, నలుగురి పేర్లూ నోట్స్‌లో రాసిపెట్టుకుని, కార్డు పక్కన పెట్టుకుని కూర్చోండి. అక్కడ వేసవి సమయం నడుస్తున్నప్పుడు మనం మూడున్నర గంటలు ముందుంటాం, అలారం ఆ లెక్కన పెట్టుకోండి.

పేర్ల దగ్గర మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. 2023 అక్టోబరు నుంచి కొలోసియం టికెట్ మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర గుర్తింపు కార్డు అడుగుతారు. ఫారంలో నోమె అంటే మన పేరు, కొన్యోమె అంటే ఇంటిపేరు. మనం ఇంటిపేరు ముందు రాసే అలవాటుతో తారుమారు చేస్తాం, లేదా ఇనిషియల్‌తో సరిపెడతాం. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అక్షరం పొల్లుపోకుండా అదే కొట్టండి. ప్రాచీన శిథిల నగరం పాంపేయి వెళ్లేవాళ్లకూ ఇదే మాట: 2024 నవంబరు నుంచి అక్కడా పేరున్న టికెట్లే, రోజుకు 20 వేల మందికే ప్రవేశం.

పిల్లల సంగతి నిజమే. 18 ఏళ్లలోపు వాళ్లకు, ఏ దేశం వాళ్లయినా సరే, ఇటలీ ప్రభుత్వ మ్యూజియాలూ కట్టడాలూ ఉచితం. కొలోసియం, ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ, డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా, పాంపేయి అన్నీ ఇందులోకి వస్తాయి. అయితే సున్నా ధర టికెట్ కూడా బుక్ చేయాల్సిందే. ఇద్దరు పిల్లలకు పూర్తి ధర వసూలు చేసే సైట్ కనిపిస్తే దాన్ని మూసేయండి. వాటికన్ మాత్రం వేరే దేశం, ఈ నియమం అక్కడ చెల్లదు. దాని అధికారిక సైట్ చిరునామా చివర డాట్ వీఏ ఉంటుంది.

వెనిస్‌లో రాత్రి ఉండకుండా పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లకు రద్దీ రోజుల్లో ప్రవేశ రుసుము ఉంది. 2024లో మొదలుపెట్టారు. 2025లో ముందుగా కడితే 5 యూరోలు, చివరి రోజుల్లో కడితే 10. 14 ఏళ్లలోపు వాళ్లకు లేదు. ఆ ఊళ్లోనే హోటల్లో దిగేవాళ్లకూ లేదు, కానీ మినహాయింపు క్యూఆర్ కోడ్ మాత్రం తీసుకుని ఉంచుకోవాలి. సీడీఏ డాట్ వీఈ డాట్ ఐటీలో మీ తేదీ రుసుము రోజుల్లో ఉందో లేదో చూడండి.

ప్రశ్న: ఇటలీలో రైళ్లకు మన ఐఆర్‌సీటీసీ లాంటి ఒకే యాప్ ఉందా? – విశాఖపట్నం

జవాబు: లేదు. ఊళ్ల మధ్య వేగంగా వెళ్లే రైళ్లు రెండు సంస్థలవి: ప్రభుత్వ ట్రెనిటాలియా, ప్రైవేటు ఇటాలో. రెండు యాప్‌లూ వేసుకుని ఒకే రోజుకు ధరలు పోల్చండి. ముందుగా కొంటే చాలా తేడా ఉంటుంది. రోమ్ నుంచి ఫ్లోరెన్స్ గంటన్నర, అక్కడి నుంచి వెనిస్ రెండు గంటల పైచిలుకు. ట్రెనిటాలియాలో బింబీ గ్రాటిస్ అని ఒక ఆఫర్ ఉంది. కుటుంబంతో వెళ్లే 15 ఏళ్లలోపు పిల్లలకు వేగ రైళ్లలో టికెట్ ఉచితం. అయితే పెద్దవాళ్ల టికెట్ చౌక ధరకు రాదు, కాబట్టి నలుగురి మొత్తం ఎంతవుతుందో రెండు రకాలుగానూ లెక్కేసుకోండి.

యాప్‌లో ఊళ్ల పేర్లు ఇటాలియన్‌లో వెతకండి: ఫిరెంజె, వెనెజియా, నాపోలి. వెనిస్‌కు రెండు స్టేషన్లున్నాయి. మెస్త్రె దీవుల అవతల ప్రధాన భూభాగం మీద ఉంది, శాంతా లూచియా కాలువల ఒడ్డున ఉంది. హోటల్ ఎటు ఉందో చూసి కొనండి. ఫోన్‌లో కొన్న రీజనల్ (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే మామూలు రైళ్ల) టికెట్‌కు రైలెక్కే ముందు చెక్-ఇన్ నొక్కాలి. కాగితం టికెట్ అయితే ప్లాట్‌ఫాం మీది మెషీన్లో ముద్ర కొట్టించాలి. చేతిలో టికెట్ ఉండీ జరిమానా కట్టేది ఇక్కడే. వేగ రైళ్లకు ఈ బాధ లేదు.

ప్రశ్న: ఫోన్‌పే, గూగుల్ పే అక్కడ పనిచేస్తాయా? ఎంత నగదు పట్టుకెళ్లాలి? – గుంటూరు

జవాబు: యూపీఐని లెక్కలో పెట్టుకోకండి. వీసా లేదా మాస్టర్‌కార్డ్ ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ డబ్బు నింపుకునేది) ఒకటి, వేరే బ్యాంకు క్రెడిట్ కార్డు ఒకటి ఉంచుకోండి. రెండూ ఒకే పర్సులో వద్దు, ఆలుమగల దగ్గర చెరొకటి ఉండాలి. మన కార్డుల్లో విదేశీ లావాదేవీలు 2020 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం మనం ఆన్ చేస్తే తప్ప పనిచేయవు. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ విభాగం తెరిచి స్వైపింగ్, ఏటీఎంతో పాటు ట్యాప్ మీట కూడా ఆన్ చేయండి. చాలామంది ఈ చివరిదాన్ని మర్చిపోతారు.

మెషీన్ యూరోల్లోనా రూపాయల్లోనా అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ల మారకం రేటు పడుతుంది, అది మీకు లాభం కాదు. రోమ్ మెట్రో గేటు దగ్గర కార్డు ట్యాప్ చేసి లోపలికి వెళ్లిపోవచ్చు. కాకపోతే మనిషికో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో నలుగురూ దాటలేరు. పిల్లలకు టీ అక్షరం బోర్డున్న తబాకీ (పొగాకు) కొట్లలో కాగితం టికెట్లు కొనండి. కార్డు తీసుకోని దుకాణాలకు ఇటలీలో 2022 జూన్ నుంచి జరిమానా ఉంది. అయినా స్టేషన్లో టాయ్‌లెట్‌కో, సంతలో పండ్లకో చిల్లర యూరోలు చేతిలో ఉండటం మంచిది.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. పిల్లలవి అమెరికా పాస్‌పోర్టులు. ఎటియాస్ తీసుకోవాలంటూ ఒక సైట్ ఒక్కొక్కరికి వంద డాలర్ల దాకా అడుగుతోంది. టస్కనీలో కారు అద్దెకు తీసుకుంటే గూగుల్ మ్యాప్స్ సరిపోతుందా?

జవాబు: కట్టకండి. వీసా అక్కర్లేని దేశాల వాళ్ల కోసం పెడుతున్న ముందస్తు ప్రయాణ అనుమతి ఎటియాస్‌ను 2026 చివరి త్రైమాసికంలో మొదలుపెడతామని ఐరోపా సమాఖ్య ప్రకటించింది. రుసుము 20 యూరోలు, 18 ఏళ్లలోపు వాళ్లకు అదీ లేదు. అధికారిక సైట్ యూరోపా డాట్ ఈయూ మీదే ఉంటుంది. భారత పాస్‌పోర్టుతో షెంగెన్ వీసా తీసుకున్నవాళ్లకు దీనితో పనే లేదు. ఇక 2025 అక్టోబరు 12 నుంచి దశలవారీగా వచ్చిన కొత్త ఎంట్రీ విధానంలో ఫొటోతో పాటు 12 ఏళ్లు నిండినవాళ్ల వేలిముద్రలూ తీసుకుంటారు. క్యూలో ఆలస్యమవుతుందనుకుని తర్వాతి రైలు కాస్త వెనక్కి పెట్టుకోండి.

కారుకు మ్యాప్స్ మాత్రమే చాలదు. పాత ఊళ్ల నడిబొడ్డున జెడ్‌టీఎల్ అనే నిషేధ ప్రాంతాలుంటాయి. అనుమతి లేని కారు దాటగానే కెమెరా నంబరు పట్టేస్తుంది. దారి చూపే యాప్ ప్రతిసారీ హెచ్చరిస్తుందన్న నమ్మకం లేదు. ఎన్నిసార్లు దాటితే అన్ని జరిమానాలు, నెలల తర్వాత ఇంటికొస్తాయి. అద్దె కంపెనీ తన రుసుము దానికి జోడిస్తుంది. ఫ్లోరెన్స్‌కైతే ఎ1 మోటార్‌వే పక్కనే విల్లా కోస్టాంజా పార్కింగ్ ఉంది. అక్కడ కారు వదిలి ట్రామ్ ఎక్కండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మర్చిపోకండి, అమెరికా లైసెన్సు ఒక్కటే చాలదు.

ప్రశ్న: నేను పదో తరగతి పరీక్షలు రాశాను. ఇటలీలో వ్లాగ్ తీద్దామనుకుంటున్నా. స్టోరేజ్ త్వరగా నిండిపోతోంది. అమ్మేమో లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలంటోంది, బ్యాటరీ ఎలా ఆగుతుంది? డ్రోన్ తీసుకెళ్లొచ్చా? – కరీంనగర్

జవాబు: ఐఫోన్ లెక్క చెబుతా, చూడు. 4కే, సెకనుకు 60 ఫ్రేములతో తీస్తే నిమిషానికి దాదాపు 400 ఎంబీ. అదే 1080పీ, 30 ఫ్రేములైతే 60 ఎంబీ. ఫోన్‌లో చూసే వ్లాగ్‌కి రెండోది ధారాళంగా సరిపోతుంది. ట్రెవీ ఫౌంటెన్ దగ్గర పది సెకన్ల ముక్కకు 4కే పెట్టుకో, నడిచినంతసేపూ వద్దు. గూగుల్ ఫొటోస్ బ్యాకప్‌ను మొబైల్ డేటా మీద ఆపేసి రాత్రి హోటల్ వైఫైలో వదిలేయ్. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో ఫొటోలూ వీడియోలూ నిషిద్ధం, కాపలావాళ్లు ఊరుకోరు.

లొకేషన్ విషయంలో అమ్మ పక్షమే నాది, కాకపోతే ఒక రాజీ ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో గంటకో, కొన్ని గంటలకో మాత్రమే షేర్ చేయొచ్చు. విడిగా తిరిగేటప్పుడు పెట్టు, గడువు ముగియగానే ఆగిపోతుంది. వెనిస్ ఇరుకు సందుల్లో జీపీఎస్ గోడ అవతలి వీధిలో ఉన్నావంటుంది. అక్కడ ఫోన్ జేబులో పెట్టి గోడల మీది పసుపు బోర్డులు చూడు, పెర్ రియాల్తో, పెర్ సాన్ మార్కో అని దారి చూపిస్తాయి. ఆఫ్‌లైన్ మ్యాప్ మాత్రం ఇంటి నుంచే దించుకుని వెళ్లు. రోమ్ మెట్రోలో తలుపు పక్కన నిలబడి ఫోన్ చూడకు. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో థెఫ్ట్ ప్రొటెక్షన్, ఐఫోన్ అయితే స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ ఇవాళే ఆన్ చెయ్. డ్రోన్ వద్దు. కెమెరా ఉంటే బుల్లి డ్రోన్‌కైనా అక్కడ రిజిస్ట్రేషన్, బీమా కావాలి. పైగా నువ్వు చూడబోయే చోట్లలో చాలావరకు ఎగరనివ్వరు.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం. మెనూ మీద కెమెరా పెట్టి అనువాద యాప్ వాడితే సరిపోతుందా? – తిరుపతి

జవాబు: సగం పని అవుతుంది. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఇటాలియన్, ఇంగ్లిష్ ప్యాక్‌లు దించుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది. అయితే యాప్ రాసి ఉన్నదే చెబుతుంది, వంటలో కలిపినది చెప్పదు. పార్మిజానో చీజ్ తయారీలో దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ వాడతారు, ఆ సంగతి మెనూలో ఉండదు. సూప్‌కి, రిసోత్తో అనే అన్నం వంటకానికి పోసే బ్రోదో మాంసం ఉడికించిన నీళ్లు కావచ్చు. స్త్రుత్తో అంటే పంది కొవ్వు, అచ్చూగె అంటే ఒక రకం చేప. ఈ మాటలతో పాటు మాంసం, చేప, మాంసం ఉడికించిన నీళ్లు ఏవీ వద్దు అన్న వాక్యాన్ని ఇటాలియన్‌లోకి మార్చి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, వెయిటర్‌కి చూపించండి. చీజ్ విషయంలో మీ పట్టుదల ఎంతో ఇంట్లోనే తేల్చుకోండి. టొమాటో, వెల్లుల్లి, ఒరెగానోతో చీజ్ లేకుండా వచ్చే మరినారా పిజ్జా ఆ దేశమంతటా దొరుకుతుంది.

ప్రశ్న: మన చార్జర్లు అక్కడ పడతాయా? పవర్ బ్యాంక్ విమానంలో రానిస్తారా? – వరంగల్

జవాబు: కరెంటు 230 వోల్టులే, ఆ చింత లేదు. సన్నటి గుండ్రని రెండు పిన్నుల ఫోన్ చార్జర్లు ఎక్కువగా నేరుగా పడతాయి. ల్యాప్‌టాప్ మూడు పిన్నుల ప్లగ్ పట్టదు. ఇటలీలో మూడు రంధ్రాలూ ఒకే వరసలో ఉండే సాకెట్ ఉంటుంది, యూరప్ అడాప్టర్ అని అమ్మే లావుపాటివి కొన్ని అందులో దూరవు. టైప్ ఎల్ అని రాసి ఉన్నది కొనండి. ఒక అడాప్టర్, నాలుగు పోర్టుల చార్జర్ ఉంటే నలుగురికీ సరిపోతుంది. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే పెట్టాలి, చెక్-ఇన్ సామానులో వేయకూడదు. హద్దు 100 వాట్ అవర్లు. 20,000 ఎంఏహెచ్ అంటే 74, ఇబ్బంది లేదు. దుబాయ్ మీదుగా ఎమిరేట్స్‌లో వెళ్తుంటే 2025 అక్టోబరు నుంచి మనిషికి ఒక్కటే, అదీ విమానంలో వాడకూడదు. ఎక్కే ముందే ఫోన్లన్నీ నిండా చార్జ్ చేసుకోండి.