ఐరన్ల సెట్టు కోసం సిప్ ఆపాలా?

ప్రశ్న: నా వయసు 36. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు చేతికి 1,45,000 వస్తుంది. ఇంటి రుణం ఈఎంఐ 46,000, పాప స్కూలుకు 12,000, ఇంటి ఖర్చు 45,000, మ్యూచువల్ ఫండ్ సిప్ 15,000. ఎనిమిది నెలలుగా గోల్ఫ్ ఆడుతున్నాను. ప్రాక్టీసు చేసే రేంజిలో బంతులకు 2,400, నెలకు రెండు రౌండ్లకు కోర్సుకు కట్టే గ్రీన్ ఫీజు, బ్యాగు మోసే క్యాడీ కలిపి 10,000 అవుతోంది. స్కోరు, అంటే ఒక రౌండుకు కొట్టే దెబ్బలు, 110, 115 మధ్య ఉంది. ఇన్నాళ్లూ క్లబ్బులు, అంటే బంతిని కొట్టే కర్రలు, అద్దెవే. షాపులో ఒక ఫోర్జ్‌డ్ ఐరన్ల (లోహపు తల ఉన్న, అంకెల వారీ క్లబ్బుల) సెట్టు చూశాను. సిమ్యులేటర్ మీద దాని సెవెన్ ఐరన్ నా అద్దె క్లబ్బు కంటే 15 గజాలు ఎక్కువ కొట్టింది. నగదుకైతే 1,24,000, నో కాస్ట్ ఈఎంఐలో నెలకు 11,000 చొప్పున 12 నెలలు. ఏడాది సిప్ ఆపి కొనేయమంటారా? ఆఫీసులో ఒకాయన ఐదేళ్ల నాటి క్యావిటీ బ్యాక్ సెట్టు 48,000కు ఇస్తానంటున్నారు. మా బావమరిది సంక్రాంతికి డాలస్ నుంచి వస్తున్నాడు, వాడితో తెప్పించుకోమంటుంది మా ఆవిడ. అత్యవసర నిధి 2 లక్షలు ఉంది.

జవాబు: సిప్ ఆపకండి. కొత్త సెట్టు ఇప్పుడే వద్దు. ఆఫీసు ఆయన సెట్టు మాత్రం వెళ్లి చూడండి.

ముందు ఈఎంఐ సంగతి. నెలకు 11,000 చొప్పున 12 నెలలంటే 1,32,000. అదే సెట్టు నగదుకు 1,24,000. మధ్యలో ఉన్న 8,000 వడ్డీ కాకపోతే మరేమిటి? ఏడాదికి దాదాపు 12 శాతం పడుతోంది. దానిపైన ప్రాసెసింగ్ ఫీజు, బ్యాంకు లెక్కలో కనిపించే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ తర్వాత బోర్డు మీద పేరు మారింది, అంతే.

ఇక సిప్. ఏడాది వాయిదాలు 1,80,000 మానేస్తే, 12 శాతం రాబడి లెక్కన 20 ఏళ్ల తర్వాత 16 లక్షల పైమాటే పోగొట్టుకుంటారని చెప్పి మిమ్మల్ని భయపెట్టొచ్చు. నాకా లెక్క నచ్చదు. అలా లెక్కేస్తే ఇరానీ చాయ్ కూడా లక్షల్లోనే తేలుతుంది, ఎవరూ ఏదీ కొనుక్కోలేరు. నా అభ్యంతరం వేరే. మీరు రాసిన ఖర్చులన్నీ కూడితే 1,30,400. అంటే నెలకు 14,600 మిగలాలి. మిగులుతుంటే సిప్ ఆపాల్సిన పనేముంది? మిగలడం లేదంటే మీరు రాయని ఖర్చు ఇంకేదో ఉంది, ముందు దాన్ని పట్టుకోండి. పైగా ‘ఏడాదే కదా’ అని ఆపినవాళ్లు ఏడాది తిరిగేసరికి మళ్లీ మొదలుపెట్టడం నా దగ్గరికొచ్చేవాళ్లలో అరుదు.

ఇంకో మాట. సెట్టు 1,24,000 అని తల పట్టుకున్నారు గానీ, రేంజికీ రౌండ్లకూ మీరు పెట్టేది ఏడాదికి 1,48,800. ఐరన్లు ఒకసారి కొంటే పదేళ్లు వాడొచ్చు. ఆట ఖర్చు ఏటా ఉండేదే.

ఇప్పుడు ఐరన్ల విషయం. నేనూ ఆడతాను, గొప్పగా కాదు. నా మొదటి సెట్టు బ్లేడ్లు, అంటే వీపు చదునుగా, తల సన్నగా, చూడ్డానికి నగలా ఉండేవి. డిసెంబరు పొద్దున్నే గోల్కొండ నయా ఖిల్లా కోర్సులో బంతి అంచుకు తగిలితే మోచేతి దాకా జివ్వుమనేది. తొమ్మిది నెలలకు సగం ధరకు అమ్ముకున్నాను. కాబట్టి ఈ సలహాకు నేను ఫీజు కట్టే ఉన్నాను.

ఫోర్జ్‌డ్ అంటే ఇనుమును కాచి, కొట్టి మలిచింది. కాస్ట్ అంటే పోత పోసింది. తేడా ఎక్కువగా చేతికి తెలిసే స్పర్శలో ఉంటుంది. 110 కొట్టేవాళ్లం మనం దాన్ని గుర్తుపట్టేది ఏ పదో బంతికో. మనకు పనికొచ్చేది బరువు ఎక్కడుందన్నది. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజినీరుగా ఉన్న కార్స్‌టెన్ సోల్‌హైమ్ 1959లో తన గ్యారేజీలో పింగ్ పేరుతో పటర్లు (బంతిని గుంటలోకి దొర్లించే క్లబ్బులు) మొదలుపెట్టి, తర్వాత అదే ఆలోచనను ఐరన్లకూ పట్టించాడు: తల మధ్యలో లోహం తీసేసి అంచులకు పంచితే, బంతి పక్కకు తగిలినా తల అంతగా తిరగదు. క్యావిటీ బ్యాక్ అంటే ఇదే.

మీకు ఏది కావాలో షాపువాణ్ని అడగక్కర్లేదు. సెవెన్ ఐరన్ ముఖం మీద కాస్త పౌడరు పల్చగా పట్టించి పది బంతులు కొట్టండి. మచ్చలన్నీ ఒక రూపాయి బిళ్ల కింద దాగితే ఫోర్జ్‌డ్ సెట్టు గురించి మళ్లీ రాయండి. ఆ కొస నుంచి ఈ కొసకు చెల్లాచెదురుగా ఉంటే క్యావిటీ బ్యాకే.

ఆ 15 గజాల మాయ కూడా చెప్పాలి, ఇందులో డబ్బు దాక్కుని ఉంది. లాఫ్ట్ అంటే క్లబ్బు ముఖం వెనక్కి వాలిన కోణం. అది తగ్గేకొద్దీ బంతి దూరం పోతుంది. పాత సెట్లలో సెవెన్ ఐరన్‌కు 34, 35 డిగ్రీలు ఉండేది. ఇప్పుడు దూరం కోసం చేసే సెట్లలో 28 నుంచి 30 దాకా చేస్తున్నారు. అడుగున 7 అని రాసినా కోణం పాత ఫైవ్, సిక్స్ ఐరన్లది. మీ చేతిలో బలం పెరగలేదు, అంకె జరిగింది. అలాంటి సెట్లో దగ్గరి దూరాలకు వాడే పిచింగ్ వెడ్జ్ కూడా 43, 44 డిగ్రీలకు దిగుతుంది. ఇసుకలోంచి బంతి తీసే శాండ్ వెడ్జ్ 56. నడుమ 12 డిగ్రీల గుంత. దాన్ని పూడ్చడానికి ఆరునెలల్లో గ్యాప్ వెడ్జ్ అనే మరో క్లబ్బు కొంటారు, ఆ ధర మీ 1,24,000లో లేదు. అందుకే ఏ సెట్టు చూసినా దాని లాఫ్ట్‌ల పట్టిక అడగండి.

ఆఫీసు ఆయన సెట్టు పగటి వెలుతురులో చూడండి. సెవెన్, ఎయిట్, పిచింగ్ వెడ్జ్ ముఖాల మీది గాడులకు అడ్డంగా గోరు పెట్టి గీరితే ప్రతి గాడీ గోటికి తగలాలి. మధ్యలో నున్నగా జారిపోతే అరిగినట్టే. షాఫ్టు (క్లబ్బు కడ్డీ) మీద తుప్పు బొబ్బలు, తల దగ్గరి నల్ల ప్లాస్టిక్ ఉంగరం జరిగి సందు కనిపించడం ఉంటే వదిలేయండి. షాఫ్టు రెగ్యులరా స్టిఫ్ఫా, అంటే కాస్త వంగేదా గట్టిదా అని అడిగి, మీరు కాసేపు రేంజిలో కొట్టి చూడండి. మెడ మీది సీరియల్ నంబరు కంపెనీతో సరిచూసుకోండి, పేరున్న బ్రాండ్లకు నకిలీలు చాలా తిరుగుతున్నాయి. అన్నీ బాగుంటే 42,000కు అడగండి. గ్రిప్పులు గట్టిపడి ఉంటాయి, ఆరు మార్చడానికి 6,000 అనుకోండి. 20,000 కోచ్ దగ్గర పాఠాలకు. మొత్తం 68,000. మీ నెల మిగులు ఐదు నెలలు పక్కన పెడితే 73,000, అప్పు అక్కర్లేదు. ఆయన ఆగనంటే నెలనెలా ఇస్తానని మాట్లాడుకోండి, ఆఫీసు మనిషే కదా.

పాఠాలు తీసుకున్నాక మీ స్వింగ్ మారుతుంది. కొత్త సెట్టును ఇప్పటి స్వింగ్‌కు కొలత పెట్టించి కొంటే అప్పటికి అది మీకు సరిపోదు. పాత సెట్టయితే ఏడాదికో రెండేళ్లకో ఇంచుమించు పెట్టిన ధరకే మరో కొత్త ఆటగాడికి అమ్మేస్తారు.

అత్యవసర నిధి జోలికి మాత్రం పోవద్దు. ఆపలేని ఖర్చు మీకు నెలకు 1,03,000, 2 లక్షలు రెండు నెలలకు కూడా చాలవు. ఆరు నెలలకు సరిపడా పెరిగేదాకా నెలకు ఒక్క రౌండే ఆడి, మిగిలిన 5,000 లిక్విడ్ ఫండ్‌లో వేయండి. బోనసు వస్తే అదీ అందులోకే.

డాలస్ సంగతి: మీ ఆవిడ చెప్పింది తప్పేం కాదు, రెండు మూడు మోడళ్ల వెనకటి సెట్లు అక్కడ చవగ్గా దొరుకుతాయి. కానీ ట్యాగు ధర మీద 8.25 శాతం సేల్స్ ట్యాక్స్, ఇక్కడ దిగాక సుంకం లేని పరిమితి దాటితే కస్టమ్స్, గోల్ఫ్ బ్యాగు ఒక పెట్టె కింద లెక్క. అన్నిటికీ మించి, పట్టుకుని చూడకుండా కొంటారు, నచ్చకపోతే తిరిగివ్వడం ఉండదు. బావమరిదిని రెండు డజన్ల బంతులు తెమ్మనండి చాలు. బౌల్డర్ హిల్స్ గోల్ఫ్ కోర్సులో ఆ రాళ్ల మధ్య మీకు ముందు అయిపోయేవి అవే.