షోలవరం రేసుల్లో అంత గొప్పేముంది?

ఇప్పటి కారు రేసు ట్రాకులు ఇంత బాగుంటే పాతవాళ్లు ఇంకా షోలవరం షోలవరం అంటారేమిటని ఒకరు అడిగారు. ట్రాకులు ఇప్పుడే బాగున్నాయి, అందులో వాదనే లేదు. మాకు గుర్తుండిపోయింది ట్రాకు కాదు, దాని మీద పరిగెత్తిన కార్లు.

మాది సూళ్లూరుపేట. మద్రాసు బస్సెక్కితే రెడ్‌హిల్స్ కంటే ముందే షోలవరం వస్తుంది. అక్కడున్న రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు రేసులు పెట్టేవారు. 80ల మొదట్లో మా మావయ్య నన్ను తీసుకెళ్లేవాడు. ఆయనకి టాక్సీలు బాగుచేసే షెడ్డు ఉండేది. అందుకే రేసు సంగతి తర్వాత, ముందు బానెట్లు ఎత్తి ఉన్న వైపుకి నడిచేవాడు.

అక్కడున్నవన్నీ మా ఊళ్లో పెళ్లివారిని దింపే కార్లే. ఫియట్, అంబాసిడర్, స్టాండర్డ్ హెరాల్డ్. ఫియట్‌ది 1089 సీసీ ఇంజిన్. ఇంజిన్ పైమూత, అంటే హెడ్, అరగదీయించి కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) పెంచేవారు, వాల్వులు తెరిచే కామ్‌షాఫ్ట్ మార్చేవారు, రెండు కార్బొరేటర్లు బిగించేవారు, సైలెన్సర్ పీకేసేవారు. వెనక సీటు, తలుపుల లోపలి అట్టలు అన్నీ బయటికి. స్టీరింగ్ పక్కనుండే గేరు కడ్డీని కొందరు కిందికి దింపించుకునేవారు. హెడ్ మరీ ఎక్కువ గీస్తే అప్పటి పెట్రోలుకి ఇంజిన్ నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి టకటక కొట్టుకోవడం) మొదలెట్టేది, ఇక పిస్టన్ల పని అంతే. ఫారిన్ స్పేర్లు తెప్పించుకోవడం అందరివల్లా అయ్యేది కాదు కాబట్టి చాలామందికి లేత్ మేస్త్రి చెయ్యే దిక్కు. ఫైబర్ బాడీతో తేలిగ్గా ఉండే సిపానీ డాల్ఫిన్ వచ్చాక ఇంకో సరదా. రోడ్డు మీద పెద్దగా ఎవరూ కొనని ఆ బుల్లి కారు రేసుల్లో మాత్రం బాగా పేరు తెచ్చుకుంది.

విజయ్ మాల్యా ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారు తెచ్చి నడిపింది కూడా అక్కడే. జనం దానికోసం ఎగబడ్డారు. మావయ్య మాత్రం "దాన్ని మనం విప్పగలమా ఏంట్రా" అనేసి మళ్లీ ఫియట్ల దగ్గరికే లాక్కెళ్లాడు.

భద్రత గురించి అడక్కండి. గడ్డిమోపులే గోడలు, జనం దాదాపు ట్రాకు మీదే ఉండేవారు. అది తిరిగి రావాలని నేను కోరుకోను. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాకు కట్టడం మంచిదే అయింది. అప్పటికే కోయంబత్తూరు కరివర్ధన్ మారుతి 800 ఇంజిన్‌తో ఒంటి సీటు ఫార్ములా మారుతి కార్లు తయారుచేశారు. తర్వాత ఫార్ములా వన్ దాకా వెళ్లిన నరేన్ కార్తికేయన్ తొలి అడుగులు వాటిలోనే. కుర్రాళ్లకి డ్రైవింగ్ నేర్పడానికి అది ఫియట్ కంటే వంద రెట్లు నయం.

ఇప్పుడూ టూరింగ్ కార్ల (రోడ్డు మీద తిరిగే కార్లనే మార్చి దింపే) రేసులు వదలకుండా చూస్తాను. కాకపోతే బానెట్ ఎత్తినా ఇంజిన్‌ని ఎవరు ఏం చేశారో కంటికి కనబడదు, సగం పనితనం ల్యాప్‌టాప్ పెట్టి ఈసీయూలో, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో, చేసేస్తున్నారు.