అల్లుడూ, ఆ ఏడో పేజీ ఎక్కడుంది?

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

అల్లుడూ,

నిన్న రాత్రి నీ గొంతు విన్నాక మీ అత్తకీ నాకూ నిద్ర పట్టలేదు. తొమ్మిది నెలలుగా ఒక్క ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) ఫైట్ లేదన్నావు, ఫైట్లు నడిపే ప్రమోటర్ వాళ్ళు పోయినసారి డబ్బులు సగమే ఇచ్చారన్నావు, వేరేవాళ్ళు పిలుస్తుంటే ‘వెళ్తే కేసేస్తాం, పాతిక లక్షలు కట్టాలి’ అని బెదిరిస్తున్నారన్నావు. చివర్లో ‘ఇన్‌స్టాలో అంతా పెట్టేస్తా మావయ్యా’ అన్నావు. పెట్టకు. ఈ ఉత్తరం చదవడం అయ్యేదాకా ఎక్కడా ఏమీ రాయకు, ఎవరికీ సంతకం చెయ్యకు, ప్రమోటర్‌కి కనీసం ‘ఓకే సర్’ అని కూడా మెసేజ్ పెట్టకు.

నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసుకుని రెండుసార్లు చదివాను. అగ్రిమెంట్ పదకొండు పేజీలు, ఫోటోలు పది. ఆరో పేజీ అడుగున గడువు గురించిన క్లాజు మొదలైంది. ఎనిమిదో పేజీ పైన ‘పొడిగించిన కాలంలో కూడా ఇవే షరతులు వర్తిస్తాయి’ అనే ముక్కతో మొదలవుతోంది. ఏ పొడిగింపు? ఎవరు పొడిగిస్తారు? ఎన్నిసార్లు? అదంతా ఏడో పేజీలో ఉండాలి. నువ్వు ఫోటో తీయడం మర్చిపోయావా, లేక నీకిచ్చిన కాపీలోనే ఆ పేజీ లేదా? ఇంకో సంగతి, నీ సంతకం చివరి పేజీలోనే ఉంది. మిగతా పేజీల అడుగున చిన్న సంతకాలు లేవు. ఇవాళ ఏడో పేజీ అని వాళ్ళు ఏది చూపించినా, సంతకం చేసిన రోజు అందులో ఇదే ఉందో లేదో చెప్పడానికి నీ దగ్గర ఆధారం లేదు.

నిన్ను తిట్టడానికి కాదు ఇది. వెయిట్ చూసే ముందురోజు రాత్రి పదకొండింటికి పీడీఎఫ్ పంపి, ‘పొద్దున్నకల్లా సంతకం కావాలి, లేకపోతే ఫైట్ల జాబితాలోంచి పేరు తీసేస్తాం’ అన్నారని చెప్పావు. వెయిట్ తగ్గడానికి రెండు రోజులుగా నీళ్ళు మానేసి, నాలుక పిడచగట్టుకుపోయి, ఆవిరి గదిలోంచి బయటికొచ్చిన కుర్రాడు పదకొండు పేజీల ఇంగ్లీషు ఎలా చదువుతాడు? ఆ టైం చూసుకునే పంపుతారు. నాకూ అలాగే జరిగింది. నాకు ఇరవై ఏడేళ్ళప్పుడు ఒక కిక్‌బాక్సింగ్ ప్రమోటర్‌కి హోటల్ రిసెప్షన్ బల్ల దగ్గర నిలబడే సంతకం పెట్టాను. ఆ తర్వాత పద్నాలుగు నెలలు ఒక్క ఫైట్ ఇవ్వలేదు. మధ్యలో బ్యాంకాక్ నుంచి పిలుపొస్తే ‘నువ్వు మా మనిషివి’ అన్నారు. ఆ మాటకి భయపడి ఊరుకున్నాను. ఎవర్నీ అడగలేదు. మళ్ళీ రింగ్ ఎక్కేసరికి నా కాళ్ళలో ఆ వేగం లేదు. అందుకే నీ విషయంలో ఇంత పట్టుగా రాస్తున్నాను.

పర్స్, అంటే ఫైట్‌కిచ్చే డబ్బు, ఎంత అని అందరూ అడుగుతారు, నువ్వూ అదే అడిగావు. నీ ఆటలో అసలు సొమ్ము కాలం. ఇరవై రెండేళ్ళు నీకు, ఇంకో పదేళ్ళు నిఖార్సుగా కొట్టగలవు. ప్రమోటర్ నిన్ను దెబ్బతీయడానికి డబ్బు ఎగ్గొట్టక్కర్లేదు, ఊరికే కూర్చోబెడితే చాలు. కాబట్టి ఏ అగ్రిమెంట్ అయినా మొదట చూడాల్సింది అది ఎలా ముగుస్తుంది అని.

నీ ఆరో పేజీలో ‘పన్నెండు నెలలు లేదా నాలుగు ఫైట్లు, వీటిలో ఏది ఆలస్యమైతే అది’ అని ఉంది. ఆ చివరి ముక్క మీద వేలు పెట్టి చదువు. ‘ఏది ముందైతే అది’ అని ఉంటే ఏడాది కాగానే నువ్వు స్వేచ్ఛాజీవివి. ‘ఏది ఆలస్యమైతే అది’ అన్నప్పుడు వాళ్ళు నాలుగో ఫైట్ ఇవ్వనంతకాలం నీ గడువు తీరదు. నీకు ఇచ్చినవి రెండే. ఈ లెక్కన ఐదేళ్ళు కూర్చోబెట్టినా కాగితం ప్రకారం నువ్వు వాళ్ళవాడివే అని వాదిస్తారు. ఒక్క పదం, అల్లుడూ. దీనికి తోడు గాయమైతే గడువు ఆగిపోతుంది, ఫైట్ వద్దంటే ఆగిపోతుంది అని రాస్తారు. ఏడో పేజీలో అదే ఉంటుందని నా అనుమానం.

ఇది మన దగ్గర చిన్న ప్రమోటర్లు చేసే పని మాత్రమే అనుకోకు. అమెరికాలో ఎడ్డీ అల్వరెజ్ అని లైట్‌వెయిట్ ఫైటర్. 2012లో బెల్లాటర్ అనే ఫైట్ల సంస్థతో అతని కాంట్రాక్ట్ అయిపోయింది. యూఎఫ్‌సీ అనే పోటీ సంస్థ మంచి ఆఫర్ ఇచ్చింది. కానీ పాత అగ్రిమెంట్‌లో, బయటి ఆఫర్ ఏదొచ్చినా దానికి సమానంగా ఇచ్చి నిన్ను మేమే ఉంచుకోవచ్చు అనే క్లాజు ఉంది. బెల్లాటర్ ఆ ఆఫర్‌ని దాదాపు మాటకి మాట దించేసి ‘మేమూ ఇస్తున్నాం’ అంది. పే పర్ వ్యూ (డబ్బు కట్టి చూసే ప్రసారం)లో వాటా, టీవీ ఛానల్ లాంటివి రెండు చోట్లా నిజంగా సమానమేనా అన్నది గొడవ. కోర్టుకెళ్ళారు. వెంటనే వెళ్ళిపోవడానికి అనుమతి ఇమ్మంటే కోర్టు ఇవ్వలేదు. చివరికి 2013 ఆగస్టులో రాజీపడ్డారు. 2012 అక్టోబర్‌లో కొట్టిన మనిషి మళ్ళీ కేజ్‌లో (ఫైట్ జరిగే బోనులో) అడుగుపెట్టింది 2013 నవంబర్‌లో. తర్వాత యూఎఫ్‌సీకి వెళ్ళి 2016లో ఛాంపియన్ అయ్యాడు, సంతోషమే. కానీ ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో పోయిన ఆ ఏడాదిని ఎవరూ తిరిగివ్వలేదు.

ఫ్రాన్సిస్ ఎన్‌గాను సంగతి నువ్వే నాకు చెప్పావు, ‘అతనిలా ఎదురు తిరుగుతా’ అని. అతను 2022 జనవరిలో యూఎఫ్‌సీ టైటిల్ నిలుపుకున్నాక ఏడాదిపాటు ఫైట్ చెయ్యకుండా, మోకాలికి ఆపరేషన్ చేయించుకుని, కాంట్రాక్ట్ కాలం కరిగేదాకా ఆగాడు. 2023లో బయటికొచ్చి అదే ఏడాది బాక్సర్ టైసన్ ఫ్యూరీతో బాక్సింగ్ చేశాడు. కానీ అతను హెవీవెయిట్ ఛాంపియన్. ఏడాది ఆగినా ప్రపంచం అతన్ని మర్చిపోదు. నీకు ఆరు ఫైట్లు, ఐదు గెలుపులు. నువ్వు ఏడాది కనబడకపోతే నీ జిమ్‌లో కుర్రాళ్ళకే గుర్తుండవు. ఇక యూఎఫ్‌సీ మీద ఫైటర్లు కలిసి 2014లో వేసిన దావా 37.5 కోట్ల డాలర్ల రాజీతో తేలింది, దానికి కోర్టు తుది ఆమోదం 2025లో వచ్చింది. పోరాడిన వాళ్ళంటే నాకు ఎంతో గౌరవం. కానీ కోర్టు గడియారం వేరు, నీ ఒంటి గడియారం వేరు. న్యాయం నీ వైపున్నా సరే, నీ లక్ష్యం తీర్పు కాకూడదు, త్వరగా విడుదల కాగితం చేతికి రావడం కావాలి.

ఇప్పుడు చట్టం. నేను లాయర్ని కాను. మా జిమ్ పిల్లల కోసం తిరిగి తిరిగి నేర్చుకున్నది చెప్తున్నాను, నువ్వు మాత్రం లాయర్ని కలిసే అడుగు వెయ్యాలి.

ఏ కోర్టూ నిన్ను ‘వెళ్ళి ఆ ప్రమోటర్ కోసం కొట్టు’ అని ఆదేశించదు. మనిషి సొంత నైపుణ్యం మీద ఆధారపడిన పనిని బలవంతాన చేయించరు. కానీ గడువు ఉన్నంతకాలం ‘వేరేచోట కొట్టొద్దు’ అని ఆపే అధికారం కోర్టుకుంది. వాళ్ళ బెదిరింపులో అసలు బలం ఇదొక్కటే. అయితే అదే చోట నీకూ ఒక ఆసరా ఉంది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో 42వ సెక్షన్ ప్రకారం, అలా ఆపమని అడిగేవాడు ఒప్పందంలో తన వంతు తాను చేసి ఉండాలి. నీకు సగం పర్స్ ఎగ్గొట్టి, ఇస్తామన్న ఫైట్లు ఇవ్వకుండా, నిన్ను మాత్రం కట్టెయ్యమంటే జడ్జి ముందు అది అంత తేలిగ్గా నిలవదు. అందుకే వాళ్ళ తప్పులు కాగితం మీదికి రావాలి.

గడువు ముగిశాక కూడా పట్టుకుంటామంటే కుదరదు. మన కాంట్రాక్ట్ చట్టం 1872లో 27వ సెక్షన్ అందుకే ఉంది. క్రికెటర్ జహీర్ ఖాన్ విషయంలో ఇదే జరిగింది. అతని మేనేజ్‌మెంట్ కంపెనీతో మూడేళ్ళ ఒప్పందం 2003లో ముగిసింది. బయటి ఆఫర్ వస్తే ముందు మాకే అవకాశమివ్వాలి అని కంపెనీ పట్టుబట్టింది. 2006లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, గడువు తీరిన తర్వాత అలాంటి షరతు చెల్లదంది. అల్వరెజ్‌ని ఆపిన క్లాజు లాంటిదే ఇది. నీ తొమ్మిదో పేజీలోనూ ఉంది. దాన్ని చూసి భయపడకు.

పాతిక లక్షల మాట కూడా అంతే. అగ్రిమెంట్‌లో ఎంత అంకె వేసినా 74వ సెక్షన్ కింద కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారమే, ఆ అంకె దానికి పైహద్దు మాత్రమే. నీకు ఒక ఫైట్‌కి అరవై వేలిచ్చేవాళ్ళు, నువ్వు వెళ్ళడం వల్ల పాతిక లక్షలు నష్టపోయామని చూపించడం కష్టం. గొడవొస్తే తీర్పు చెప్పే మధ్యవర్తిని మేమే నియమిస్తాం, విచారణ ఢిల్లీలో అన్న క్లాజు కూడా ఉంది. ఒక పక్షం తనంతట తాను ఏకైక మధ్యవర్తిని నియమించడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. ఆ సంగతి లాయర్‌కి మొదటిరోజే చూపించు.

రేపు పొద్దున చేయాల్సింది చెప్తాను. ఒక కొత్త నోటుబుక్ తీసుకో. ఏ తారీఖున ఏ ఫైట్ అన్నారు, ఎవరు ఫోన్ చేశారు, ఎంత ఇస్తామన్నారు, ఎంత ఖాతాలో పడింది, అన్నీ వరసగా రాయి. వాట్సాప్ సంభాషణ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి నీ ఈమెయిల్‌కి పంపుకో. స్క్రీన్‌షాట్లొక్కటే నమ్ముకోకు. ఆ ఫోన్ అమ్మకు, ఫార్మాట్ చెయ్యకు. బ్యాంక్ స్టేట్‌మెంట్ తీయి. పర్స్‌లోంచి టీడీఎస్ కోశామన్నారుగా, ఆదాయపు పన్ను సైట్‌లో నీ 26ఏఎస్ ఫారం తెరిచి చూడు. కోసిన డబ్బు అక్కడ కనబడకపోతే అది నీకు గట్టి ఆధారం.

తర్వాత ప్రమోటర్‌కి ఈమెయిల్, ఫోన్ కాదు. నేను రాసి పంపుతాను. అందులో కోపం ఉండదు. బాకీ ఇంత, పదిహేను రోజుల్లో ఇవ్వండి, నేను ఫిట్‌గా ఉన్నాను, నా వెయిట్‌లో ఫైట్ తారీఖు చెప్పండి, రెండు వైపులా సంతకాలున్న పూర్తి కాపీ పంపండి, అంతే. ‘ఫిట్‌గా ఉన్నాను, ఫైట్ ఇవ్వండి’ అన్న వాక్యం ముఖ్యం. రేపు వాళ్ళు ‘మేమిస్తామన్నాం, అతనే రాలేదు’ అనడానికి వీలుండదు. డాక్టర్ చేత ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా తీసుకో. వాళ్ళు నిజంగా ఫైట్ ఇస్తే, న్యాయమైన ప్రత్యర్థి అయితే, కొట్టు. నాలుగు లెక్క పూర్తిచేసుకుని బయటపడటం కేసుకన్నా వేగం.

పదిహేను రోజుల్లో ఉలుకూ పలుకూ లేకపోతే లాయర్ నోటీసు. అప్పటికీ ఇన్‌స్టా జోలికి పోకు. నీ బాధ నిజమే, కానీ నువ్వు మండిపడి రాసిన ఒక్క మాట పట్టుకుని పరువునష్టం అని వాళ్ళు ఎదురు నోటీసు ఇస్తారు, అసలు గొడవ పక్కకి పోతుంది. పాత బాకీ కన్నా విడుదల కాగితం నీకు ఎక్కువ విలువైనది. ముప్పై వేలు వదులుకుంటే సంతకం పెట్టి వదిలేస్తామంటే ఒప్పుకో, నేనైతే ఆ రోజు సంతోషంగా ఒప్పుకునేవాణ్ణి. అయితే ఆ కాగితం మీద ‘ఇకపై ఇరువైపులా ఎలాంటి బాధ్యతలూ లేవు’ అని స్పష్టంగా ఉండాలి, ప్రతి పేజీలో ఇద్దరి సంతకాలూ ఉండాలి.

కొత్తవాళ్ళ ఆఫర్ ఇప్పుడే ఒప్పుకోకు. నీకు పాత అగ్రిమెంట్ ఉందని వాళ్ళకి దాచకుండా చెప్పు, విడుదల రాగానే వస్తానని రాసివ్వు. మంచివాళ్ళయితే ఆగుతారు. వాళ్ళ కాగితంలో నాలుగు విషయాలు నాకు చూపించు: ఏది ముందైతే అది అన్న గడువు, ఏడాదికి కనీసం ఎన్ని ఫైట్లు, అవి ఇవ్వకపోతే నీకు బయటికెళ్ళే హక్కు, కేజ్‌లో తగిలిన దెబ్బకి ఆస్పత్రి ఖర్చు ఎవరిది. ప్రత్యర్థి వెయిట్ తప్పి ఫైట్ రద్దయితే నీ షో మనీ, అంటే ఫైట్‌కి వచ్చినందుకే ఇచ్చే డబ్బు, వస్తుందా అన్నది కూడా అడుగు. ఫైట్ ముందు శిక్షణ క్యాంప్‌కి ఎనిమిది వారాలు, తిండి, ఫిజియో అన్నీ నీ జేబులోంచే కదా.

ఒక మాట చెప్పడానికి మనసొప్పట్లేదు, అయినా చెప్తాను. ఆ ప్రమోటర్ దగ్గరికి నిన్ను తీసుకెళ్ళింది మీ కోచ్ గారే. ఆయన నీకు ఆట నేర్పిన గురువు, కాళ్ళకి దండం పెట్టు. కానీ నీ పర్స్‌లో వాటా తీసుకునే మనిషికి ప్రమోటర్ దగ్గర కూడా డబ్బు ముడుతుంటే, నీ తరఫున బేరమాడేది ఎవరు? అమెరికాలో బాక్సర్ల కోసం 2000లో తెచ్చిన ముహమ్మద్ అలీ చట్టం ప్రమోటరూ మేనేజరూ ఒకరి సొమ్ములో ఒకరు వేలు పెట్టకూడదంటుంది. ఎంఎంఏకి అక్కడ కూడా అది వర్తించదు. ఇక్కడ మనల్ని మనమే కాపాడుకోవాలి. కోచ్ గారిని మర్యాదగా, సూటిగా అడుగు. అడగడానికి మొహమాటం అయితే నేనొచ్చి అడుగుతాను.

మీ జిమ్‌లో పదిహేడేళ్ళ కుర్రాడు కూడా ఇదే ప్రమోటర్‌కి సంతకం పెట్టాడన్నావు. పద్దెనిమిది నిండని పిల్లవాడి ఒప్పందం చెల్లదు. వాళ్ళ నాన్నగారికి నా నంబర్ ఇవ్వు.

రోజూ ప్రాక్టీస్ మానకు. గొడవ తేలిన మర్నాడే ఎవరైనా పిలిస్తే వారం నోటీసులో కొట్టగలిగేలా వెయిట్ దగ్గర్లో ఉంచుకో. మీ అమ్మకి ఇప్పుడే పాతిక లక్షల మాట చెప్పకు, ఆవిడకి అసలే బీపీ. నేనే వచ్చి నెమ్మదిగా చెప్తాను.

శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీశాను. శనివారం నాంపల్లిలో లాయర్ గారిని కలుద్దాం. అగ్రిమెంట్ అసలు కాపీ తీసుకురా, జిరాక్స్ కాదు. ఏడో పేజీ ఉంటే ఈ రాత్రికే ఫోటో పంపు. లేకపోతే లేదని మెసేజ్ పెట్టు.

మీ మావయ్య