ఏ బటన్ నొక్కినా ‘అన్‌డిఫైన్డ్’ అనే వస్తోంది!

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాది చదువుతూ సొంతంగా జావాస్క్రిప్ట్ నేర్చుకుంటున్నాను. మన వైజాగ్‌లో చూడాల్సిన చోట్లతో ఒక చిన్న పేజీ చేశాను. ఆర్కే బీచ్, కైలాసగిరి, రుషికొండ, సింహాచలం, భీమిలి అని ఐదు పేర్లు అర్రేలో (వరస జాబితాలో) పెట్టి, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే ఫర్ లూప్‌తో ఐదు బటన్లు తయారుచేశాను. ఏ బటన్ నొక్కితే ఆ పేరు రావాలి, కానీ ఏది నొక్కినా ‘అన్‌డిఫైన్డ్’ అనే వస్తోంది. మా ఫ్రెండ్ చూసి ‘వార్ ఐ’ అన్నచోట ‘లెట్ ఐ’ అని మార్చింది, అంతే, పనిచేసింది. ఎందుకని అడిగితే తనకీ తెలీదంది. వచ్చే నెల ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలు, ఇదే అడిగితే ఏం చెప్పాలో అని టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: పనిచేసింది కదా అని వదిలేయకుండా ఎందుకని అడిగారు, అది నాకు చాలా నచ్చింది.

వార్, లెట్ రెండూ వేరియబుల్‌ని, అంటే విలువ దాచుకునే పేరుని, పుట్టించే మాటలే. వార్‌తో పెట్టిన వేరియబుల్‌కి ఫంక్షన్ (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క) ఒక్కటే హద్దు. ఇఫ్‌వైనా ఫర్‌వైనా ఆ కర్లీ బ్రాకెట్లను అది లెక్కచేయదు. కాబట్టి లూప్ ఐదుసార్లు తిరిగినా, ఆ తిరుగుళ్ళు లెక్కపెట్టే ‘ఐ’ మాత్రం ఒక్కటే. అది 0 నుంచి 4 దాకా వెళ్ళి, 5 అయ్యాక ‘5 కన్నా తక్కువ’ అనే షరతు తప్పి లూప్ ఆగింది, ఇదంతా మీరు మౌస్ మీద చెయ్యి వెయ్యకముందే అయిపోయింది. అర్రేలో లెక్క సున్నాతో మొదలవుతుంది కాబట్టి మీ పేర్లున్నది 0 నుంచి 4 వరకే. 5 దగ్గర ఏమీ లేదు, అందుకే అన్‌డిఫైన్డ్, అంటే ‘ఇక్కడ విలువ లేదు’ అని.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, బటన్‌కి ఇచ్చిన ఫంక్షన్ అప్పటి ‘ఐ’ విలువను రాసి దాచుకుంటుందని అనుకుంటారు. అలా దాచుకోదు. ‘ఐ’ అనే వేరియబుల్‌నే పట్టుకుని ఉండి, మీరు నొక్కినప్పుడు అందులో ఏముందో చూస్తుంది. దీన్నే క్లోజర్ అంటారు. మద్దిలపాలెం బస్టాపులో ఒకే పలక పెట్టి, ఐదుగురికీ ‘మీ బస్సు నంబరు దాని మీద చూసుకోండి’ అని చెప్పి, ఒకరి నంబరు తుడిచి ఇంకొకరిది రాస్తూ పోయారనుకోండి, తీరా సాయంత్రం అందరూ వచ్చి చూస్తే చివర రాసిందే కనబడుతుంది కదా. లెట్ అయితే ఎవరి చీటీ వాళ్ళ చేతికిచ్చినట్టు: ఫర్ లోపల లెట్ అని రాస్తే లూప్ తిరిగిన ప్రతిసారీ కొత్త ‘ఐ’ పుడుతుంది, ఒక్కో ఫంక్షన్‌కి దాని ‘ఐ’ దానికే.

జావాస్క్రిప్ట్ వచ్చింది 1995లో, లెట్, కాన్స్‌ట్ ప్రామాణికంలోకి వచ్చింది 2015లో. మధ్యలో ఇరవై ఏళ్ళు ఈ తిప్పలు తప్పించుకోవడానికి లూప్ లోపల ఇంకో ఫంక్షన్ రాసి వెంటనే పిలిచేవారు. పాత కోడ్‌లో అది కనిపిస్తే కంగారుపడకండి. మీరు రాసేటప్పుడు మాత్రం మారని వాటికి కాన్స్‌ట్, మారేవాటికి లెట్ వాడండి, వార్ జోలికి వెళ్ళొద్దు. అసలు ఏ పదమూ పెట్టకుండా విలువ ఇచ్చేస్తే, స్ట్రిక్ట్ మోడ్ (ఇలాంటి తప్పుల్ని ఒప్పుకోని కట్టుదిట్టమైన పద్ధతి) లేనప్పుడు అది గ్లోబల్, అంటే కోడ్ అంతటికీ కనిపించే వేరియబుల్, అయి కూర్చుంటుంది, అది ఇంకా ప్రమాదం.

లెట్ అనే మాటలో మాత్రం మహిమ ఏమీ లేదు, దాన్ని ఎక్కడ రాశారన్నదే ముఖ్యం. ఇంటర్వ్యూకి ముందు ఇది ఒక్కసారి మీ చేత్తో చేయండి: ‘లెట్ ఐ’ని ఫర్ బ్రాకెట్లలోంచి తీసి లూప్ పైన వేరే లైన్లో పెట్టి, ఫర్‌లో ఊరికే ‘ఐ’ ఈక్వల్ టు సున్నా అని రాసి, కైలాసగిరి బటన్ నొక్కండి. లెట్ వాడినా సరే, మళ్ళీ అన్‌డిఫైన్డే వస్తుంది.